కడియం కుస్తీ

జానయ్య మోటారు సైకిల్ దుకాణం ముందు ఆగినప్పుడు సలాహుద్దీన్ దూది ఏకుతున్నాడు. మిషను చప్పుడులో బండి చప్పుడు వినిపించలేదు. గాలిలో తేలుతున్న దూది పోగుల మధ్య నుంచి తెల్ల చొక్కా ఒకటి గుమ్మం దాటి లోపలికి రావడం చూశాకే స్విచ్ కట్టేసి, ముఖానికి కట్టుకున్న రుమాలు కిందికి లాగాడు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్టాండుకు కొంచెం ఇవతల వరసగా ఉన్న మడిగెలన్నీ జానయ్యవే. అందులో చివరిది ఈ పరుపుల దుకాణం. కొంగరకలాన్ వైపు పొలాలు ప్లాట్లుగా మారినప్పుడు నాలుగు డబ్బులు వెనకేసినవాడు జానయ్య. తన ఊరి జాతర కమిటీకి పెద్ద కూడా అతనే. మడిగెల వైపు అతను ఊరికే రాడు. వచ్చాడంటే ఎవరినో ఒకరిని ఖాళీ చేయమనడానికే అని ఆ వరసలో అందరికీ గుబులు.

కుట్టిపెట్టిన పరుపుల దొంతర మీద కూర్చుని, ముక్కు దగ్గర చేయి ఊపుకుంటూ, జానయ్య ముందు ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత జాతర గురించి. ఆదివారం కుస్తీలు పెడుతున్నామని, ఈసారి బరి పక్కన తీర్పు చెప్పే ముగ్గురు పంచులకు కుర్చీలు వేయిస్తున్నామని, ఇద్దరు పాత పహిల్వాన్లు ఒప్పుకున్నారని చెప్పాడు.

"మూడో కుర్చీ నీది," అన్నాడు. "పోయినేడు నువ్వే గదా మస్తు మొత్తుకున్నది. బయట నిలబడి మొత్తుకునుడు ఎందుకు, లోపల్నే కూసో. నువ్వు కూసుంటే ఎవ్వడు నోరు తెరువడు."

సలాహుద్దీన్ చేతికి అంటిన దూదిని గుండ్రంగా ఉండ చేస్తూ ఉండిపోయాడు. తాను ఏనాడూ కుస్తీ పట్టినవాడిని కాదని, చూసేవాడినేనని మెల్లగా అన్నాడు. చూసేవాడే కావాలని జానయ్య నవ్వి లేచాడు. పోతూ పోతూ గుమ్మం పైన పెచ్చులూడిన సిమెంటు వైపు చూసి, దీన్ని బాగుచేయించాలనో లేక మొత్తం తీసేసి కొత్తది కట్టాలనో ఏదో అన్నాడు. ఆ రెండింటిలో ఏది అన్నాడో సలాహుద్దీన్‌కు సరిగా వినబడలేదు. రోజంతా అదే ఆలోచించాడు.

పోయినేడు జరిగింది ఇది. చివరిది కడియం కుస్తీ. జానయ్య పోషించే పరశురాంను కందుకూరు వైపు నుంచి వచ్చిన భూపాల్ అనే కుర్రవాడు ఎత్తి వేశాడు. పరశురాం వీపు మొత్తం మట్టికి అంటింది, అంటే ఓడినట్టే. బరి అంచున నిలబడ్డ సలాహుద్దీన్ తన రెండు కళ్లతో చూశాడు. ఒక భుజమే అంటిందని కమిటీ వాళ్లు ఆటను మళ్లీ మొదలుపెట్టించారు. అలసిన భూపాల్ పడేదాకా నడిపించి, వెండి కడియం పరశురాం చేతికి తొడిగారు. సలాహుద్దీన్ గొంతు చిరిగేలా అరిచాడు. మైకులో డప్పులు మోగించారు.

ఆ రోజు నుంచి అతను మళ్లీ ఏ కుస్తీకీ పోలేదు. అంతకు ముందు యాచారం కానీ, మంచాల కానీ, ఎక్కడ బరి తవ్వినా పక్క మడిగెలో క్షౌరం చేసే శివయ్య బండి వెనక ఎక్కి పోయేవాడు. శివయ్య ఈ ఏడాదిలో ఒకటి రెండుసార్లు పిలిచి, ఊరుకుని, ఒక్కడే పోవడం మొదలుపెట్టాడు. తిరిగివచ్చి చెప్పబోతే సలాహుద్దీన్ మిషను వేసేవాడు.

*

మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన అజీజున్నీసా భర్త ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె గిన్నె మూత తీయకుండా కాసేపు గుమ్మం పైన పెచ్చులూడిన చోటు వైపే చూసింది.

ఆమె రోజూ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దుకాణంలోనే ఉంటుంది. దిండ్లకు గలీబులు కుడుతుంది. కొత్త రకం అంచులు ఎలా కుడతారో చూడటానికి భర్త ఫోను తీసుకుంటుంది. ఆ ఫోను అతని పాత అలవాటు ఇంకా మరవలేదు. అంచుల వీడియోల మధ్య ఎప్పుడూ ఏదో ఒక కుస్తీ చూపిస్తూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఆమె వాటిని వేలితో పైకి నెట్టేసేది. ఆ రోజు అతను ముద్ద నోట్లో పెట్టుకోకుండా కలుపుతూనే ఉండటం చూసి, నెట్టేయబోయినదాన్ని ఆపి, ఫోను దూది మూటకు ఆనించి నిలబెట్టింది.

పచ్చటి మైదానం. తోలు లాగులు వేసుకున్న మనుషులు. ఒకడు పెద్ద బిందెలాంటి దానితో వాళ్ల తలల మీద నుంచి నూనె పోస్తున్నాడు. అది టర్కీ దేశమని, అక్కడ ఇలాగే పడతారని హిందీలో ఒక గొంతు చెబుతోంది.

"అంత నూనె పారబోస్తుండ్రు," అంది అజీజున్నీసా బాధగా.

ఇది కుస్తీ కాదు, తమాషా అన్నాడు సలాహుద్దీన్. నూనె పూసుకున్నవాడిని పట్టుకోవడం ఎవరి తరం అని తల తిప్పుకున్నాడు. కానీ ఆమె చూస్తూనే ఉంది. మరి ఎక్కడ పట్టుకుంటున్నాడు, ఆ చేయి ఎక్కడికి పోయింది అని అడిగింది. జవాబు చెప్పాలంటే చూడాల్సి వచ్చింది. చేయి తోలు లాగు లోపలికి పోయి అంచును పట్టుకుంది. ఒళ్లంతా జారిపోయేటప్పుడు మిగిలిన పట్టు అదొక్కటే. పొట్ట ఆకాశం వైపు తిరిగితే ఓడినట్టేనట. సలాహుద్దీన్ ముద్ద చేతిలోనే పెట్టుకుని, వాడు మోకాలు ఎక్కడ పెట్టాడో చూడమని వెనక్కి జరిపించాడు.

మర్నాడు ఆమె తనంతట తానే వెతికి పెట్టింది. మంగోలియా. బూట్లు వేసుకుని, చేతులకూ వీపుకూ మాత్రమే గుడ్డ ఉండి ఛాతీ మొత్తం తెరిచి ఉన్న అంగీలు తొడుక్కుని గడ్డి మీద పట్టుకుంటున్నారు. అక్కడ మోకాలు తగిలినా, మోచేయి తగిలినా ఓటమే. గెలిచినవాడు గద్దలాగా చేతులు చాచి తిరుగుతాడు. ఓడినవాడు అతని చేయి కిందుగా దూరి పోతాడు. ఆ అంగీకి ఛాతీ ఎందుకు లేదో హిందీ గొంతు ఒక కథ చెప్పింది. ఎప్పుడో ఒక ఆడమనిషి మగవేషం వేసుకుని వచ్చి అందరినీ పడగొట్టిందట. మళ్లీ ఏ ఆడదీ రాకుండా అంగీ ముందు భాగం తీసేశారట.

అజీజున్నీసా సూది ఆపి నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ దుకాణంలో వినిపించిన నవ్వు అది. ఆమె ఎన్నడూ బరి దగ్గరికి పోలేదు. ఆడవాళ్లు పోరు. భర్త ఇన్నేళ్లు దేని కోసం మట్టి కొట్టుకుని ఇంటికి వచ్చేవాడో ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నాల్లో వాళ్లు సెనెగల్ చూశారు. ఇసుక, డప్పులు, ఒంటినిండా తాయెత్తులు. స్విట్జర్లాండ్ చూశారు. రంపపు పొట్టు పోసిన బరిలో, ప్యాంటుల మీద గోనె లాగులు తొడుక్కుని ఆ లాగులే పట్టుకుని ఎత్తుతున్నారు. గెలిచినవాడు ఓడినవాడి వీపు మీది పొట్టును తన చేత్తో దులుపుతున్నాడు. సలాహుద్దీన్ అక్కడ ఫోను ఆపేశాడు. మళ్లీ చూశాడు. ఒక పొడుగాటి మనిషి ఎదుటివాడిని గుండెకు అదుముకుని వెనక్కి ఒరిగాడు. తన వీపు పొట్టుకు తగలబోయేలోగా గాలిలోనే నడుము తిప్పాడు. పడేటప్పటికి పైన ఉన్నాడు. సలాహుద్దీన్ పరుపు మీద నుంచి లేచి, చేతులు చాచి, నడుము ఎటు తిప్పాడో తానే తిరిగి చూసుకున్నాడు. పరుపు కొలత ఇవ్వడానికి వచ్చిన ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

కానీ ఆ ఉత్సాహం మిషను వేయగానే పోయేది. ఏకిన దూదిని కర్రతో కొడుతుంటే, ఒక్కో దెబ్బకూ ఆదివారం దగ్గరికి వస్తున్నట్టు ఉండేది. పరశురాం, భూపాల్ మళ్లీ కడియానికే పట్టబోతున్నారని బస్టాండు అంతా అనుకుంటోంది. భూపాల్ గెలిస్తే గెలిచాడని తాను చెప్పాలి. చెబితే ఈ మడిగె ఉంటుందా? రోడ్డు వెడల్పులో పాత దుకాణం పోయాక, దూది దుమ్ముకు ఒప్పుకుని ఇచ్చినవాడు జానయ్య ఒక్కడే. ఇంకెవరూ ఇవ్వరు. డబ్బనం గుచ్చేటప్పుడు కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టాడు.

శుక్రవారం సలాహుద్దీన్ నమాజు నుంచి వచ్చాక శివయ్య చాయ గ్లాసు పట్టుకుని వచ్చాడు. కత్తెర జేబులోనే ఉంది. ఏం చూస్తున్నారని వంగి, తానూ పరుపుల మీద కూర్చున్నాడు. ఆ రోజు జపాను. కొండల్లాంటి మనుషులు. తలపడితే రెప్పపాటులో అయిపోతోంది. రంగుల అంగీ వేసుకున్న న్యాయనిర్ణేత ఒకడిని గెలిచాడని చూపించాడు. అప్పుడు బరి కింద కూర్చున్న నల్ల బట్టల పెద్దమనుషుల్లో ఒకాయన చేయి ఎత్తాడు. ఐదుగురూ లేచి పైకి ఎక్కారు. తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. అన్ని వేలమంది జనం చప్పుడు చేయకుండా ఎదురుచూశారు. పెద్దాయన దిగివచ్చి, ఏం చూశారో, ఎందుకు మళ్లీ పట్టాలో మైకులో చెప్పాడు. ఇద్దరూ మారు మాట్లాడకుండా మళ్లీ బరిలోకి వచ్చారు.

సలాహుద్దీన్ దాన్ని ఎన్నిసార్లు వెనక్కి జరిపాడో. చేయి ఎత్తిన ఆయన ముఖంలో కోపం లేదు, భయం లేదు. అది చూస్తే అతని మనసు కుదుటపడింది.

"ఎల్లుండి నువ్వు గట్లనే ఎత్తాలె భాయ్," అన్నాడు శివయ్య. "పోయినేడు పోరనికి జేసిన అన్యాయం నీ చేతిమీదనే తీరాలె. బస్టాండంత నీ మీదనే పెట్టుకున్నది."

అజీజున్నీసా అతను పోయేదాకా ఆగింది. తర్వాత గలీబు మడత పెడుతూ, తల ఎత్తకుండా, జ్వరం వచ్చిందని చెప్పి ఆదివారం ఇంట్లోనే పడుకోమంది. జానయ్య వైపు చెప్పినా తప్పే, ఇటు చెప్పినా తప్పే అంది. నిజమే అనుకున్నాడు సలాహుద్దీన్. శనివారం సాయంత్రం దాకా ఆ జ్వరం మాటే మనసులో నలుగుతూ ఉంది. ఆదివారం పొద్దున స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె అతని చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది.

*

జాతర ఊరి బయట, బీడు భూమిలో బరి తవ్వారు. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి కాళ్లతో తొక్కించారు. ఆ వాసన ముక్కుకు తగలగానే సలాహుద్దీన్ గుండె ఎగిసింది. ఏడాది అయింది ఆ వాసన చూసి. మూడు ప్లాస్టిక్ కుర్చీలు బరి అంచునే ఉన్నాయి. మొదటి రెండింటిలో చెవులు మడతపడ్డ ఇద్దరు ముసలి పహిల్వాన్లు. మూడోదాని మీద తువ్వాల వేసి ఉంచారు.

శివయ్య ఎదురుగా జనంలో నిలబడి చేయి ఊపాడు. జానయ్య కూడా కమిటీ షామియానా కింద నుంచి చేయి ఊపాడు. సలాహుద్దీన్ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

గెలిచినవాడికి కొబ్బరికాయ ఇచ్చే చిన్న కుస్తీలతో మొదలైంది. బక్కపలచని కుర్రాళ్లు తొడలు చరుచుకుంటూ వచ్చి, మట్టి చల్లుకుని తలపడ్డారు. మొదటి రెండు మూడు జోడీలను అతను సరిగా చూడనే లేదు. తర్వాత ఒక కుర్రవాడు ఎదుటివాడి లంగోటీ అంచును వేళ్లతో మెలిపెట్టి పట్టడం కనిపించింది. టర్కీ వాడి పట్టు. వీడికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పి ఉండరు. పట్టు అక్కడ ఉంది కాబట్టి చేయి అక్కడికి పోయింది. సలాహుద్దీన్ ముందుకు వంగాడు. అక్కడి నుంచి అతనికి కుర్చీ, జానయ్య, మడిగె ఏవీ గుర్తులేవు. తొడల కింది చేతులు బయటికి వచ్చాయి. పాదాలు ఎక్కడ, భుజం ఎక్కడ, బరువు ఎటు అని చూస్తూ పోయాడు. ఇన్నేళ్లు చూసిన ఆట ఇంత లోతుగా ఎన్నడూ కనిపించలేదు. పక్కన ముసలి పహిల్వాన్ ఏదో అడిగితే, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆయన తల ఊపాడు.

పొద్దు వాలుతుండగా కడియం కుస్తీ పిలిచారు.

పరశురాం బరువైనవాడు, నిదానం. భూపాల్ ఏడాదిలో భుజాలు పెంచాడు. జనం మొత్తం భూపాల్ వైపే. చాలాసేపు మెడలు పట్టుకుని తోసుకున్నారు. చెమటకు మట్టి అంటి ఇద్దరూ ఒకే రంగులోకి వచ్చారు. పరశురాం ముందుకు తోసిన క్షణంలో భూపాల్ అతన్ని నడుము దగ్గర చుట్టి, గుండెకు అదుముకుని, వెనక్కి ఒరిగాడు. పరశురాం కాళ్లు గాలిలో లేచాయి. పెద్ద శరీరం తల మీదుగా తిరిగి, దబ్బున వెల్లకిలా పడింది.

జనం బరిలోకి దూకారు. శివయ్య ఎవరినో ఎత్తుకుని గిరగిర తిప్పుతున్నాడు.

సలాహుద్దీన్ లేవలేదు. అతని కళ్లలో ఇంకా ఆ ముందు ముక్కే ఉంది. వెనక్కి ఒరిగినప్పుడు భూపాల్ నడుము తిప్పలేదు. అతని రెండు భుజాలూ ముందు మట్టికి ఆనాయి. ఆ తర్వాతే పరశురాం పైనుంచి పోయి పడ్డాడు.

ఇన్ని రోజులు అతను భయపడింది దీని గురించి కాదు. భూపాల్ గెలిస్తే ఎలా చెప్పాలి అని తప్ప, ఇలా జరిగితే ఏం చెప్పాలి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. షామియానా వైపు చూశాడు. జానయ్య కోపంగా ఉంటాడనుకున్నాడు. జానయ్య చప్పట్లు కొడుతున్నాడు. కడియం పళ్లెం తానే పట్టుకుని బరి దగ్గరికి వచ్చాడు. సలాహుద్దీన్ కుర్చీ మీదికి వంగి, చెవి దగ్గర అన్నాడు: "మంచిగయింది. పోయినేడుది గిప్పుడు సరిపోయింది. ఇగ ఊర్ల ఎవ్వడు ఏమనడు."

అంటే జానయ్య కూడా చూశాడు.

భూపాల్ బరి మధ్యలో నిలబడి ఉన్నాడు. భుజాల మీద ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లను ఆపుతున్నట్టు ఒక చేయి చాచాడు కానీ వాళ్లు ఆగలేదు. పోనీలే అనుకున్నాడు సలాహుద్దీన్. ఎవరికి నష్టం? పిల్లవాడికి దక్కాల్సింది దక్కుతోంది, జానయ్యకు ఇష్టమే, జనానికి ఇష్టమే, మడిగె నిలుస్తుంది. అందరికీ బాగుంది. ఇలాగే కదా పోయినేడు కూడా ఆ షామియానా కింద కూర్చున్నవాళ్లు అనుకుని ఉంటారు.

చేయి ఎత్తాడు.

ముందు ఎవరూ చూడలేదు. తర్వాత పక్కన ముసలి పహిల్వాన్ చూశాడు. డప్పుల వాళ్లు చూశారు. డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది.

"ముందు భూపాల్ వీపు అంటింది," అన్నాడు. "రెండు భుజాలు. పరశురాంది తర్వాత అంటింది."

నిశ్శబ్దం. అది ఆ జపాను జనం నిశ్శబ్దం కాదు. వెంటనే పగిలింది. ఈలలు, బూతులు. నీళ్ల ప్యాకెట్ ఒకటి వచ్చి అతని ఒడిలో పగిలింది. ముగ్గురు పంచులూ తలలు దగ్గర పెట్టారు. ఒక ముసలాయన తనకు కనబడలేదన్నాడు. రెండో ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, తానూ చూశానని, చెప్పడానికి మనసొప్పలేదని అన్నాడు. ముగ్గురి మాటా ఒకటి కాలేదు కాబట్టి మళ్లీ పట్టించాలని అనుకున్నారు. భూపాల్ మట్టి తీసి అరచేతులకు రుద్దుకుని వచ్చాడు. కానీ అతని ఒంట్లో బలం అయిపోయింది. తలపడిన కాసేపటికే పరశురాం అతన్ని తిప్పి చిత్తు చేశాడు. ఈసారి అనుమానం లేదు.

కడియం తొడిగించుకున్న పరశురాం ఎగరలేదు, తొడ చరచలేదు. తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"అమ్ముడువోయిండు సాయిబు," అన్నాడు ఎవడో వెనక నుంచి. ఆ మాట జనంలో చేతులు మారుతూ ముందుకు పోయింది. సలాహుద్దీన్ బండ్లు నిలిపిన చోటికి వచ్చేసరికి శివయ్య బండి లేదు. తడిసిన చొక్కాతో రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాడు.

*

సోమవారం చాయ హోటల్లో అతను కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేదు. శివయ్య తన దుకాణంలో ఎవరికో గడ్డం గీస్తూ, అద్దంలో ఇతన్ని చూసి కూడా తల తిప్పలేదు. సలాహుద్దీన్ దుకాణం తెరిచి, మిషను వేయకుండా, చారల గుడ్డ పరిచి కత్తిరించడం మొదలుపెట్టాడు.

అజీజున్నీసా వచ్చేసరికి ఫోను మోగింది. జానయ్య. నిన్న చాలా మంచి పని చేశావని, కుర్చీకి గౌరవం తెచ్చావని అన్నాడు. తన ఫంక్షన్ హాలులో పరుపులన్నీ పాతబడ్డాయని, దిండ్లతో సహా అన్నీ కొత్తవి నువ్వే కుట్టివ్వాలని అన్నాడు. గుమ్మం సిమెంటు కూడా ఈ వారమే వేయిస్తానన్నాడు.

ఇన్నేళ్లలో అంత పెద్ద పని ఆ దుకాణానికి రాలేదు. అజీజున్నీసాకు మాటలు వినబడుతూనే ఉన్నాయి. గలీబు ఒడిలో పెట్టుకుని భర్తనే చూస్తోంది. రేపు జానయ్య హాలుకు తన పరుపులు బండి మీద పోతుంటే బస్టాండు మొత్తం నిలబడి చూడటం సలాహుద్దీన్ కళ్ల ముందు కదిలింది. నిన్న ఎత్తిన చేయి అప్పుడు ఎవరిదవుతుంది?

"ఇప్పుడొద్దు జానయ్యన్నా," అన్నాడు. "నిన్న కుర్చీల కూసున్నోన్ని. ఇయ్యాల నీ పని వట్టుకుంటే మంచిగుండది. వేరేవాళ్లతోని కుట్టించుకో."

అవతల లారీ హారన్ ఒకటి వినిపించింది. తర్వాత నీ ఇష్టం అన్న మాట వినిపించి, ఫోను ఆగిపోయింది.

సలాహుద్దీన్ ఫోను కింద పెట్టాడు. భార్య తిడుతుందనుకున్నాడు. ఆమె కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది. మడిగె తీసుకుంటాడేమో అన్నాడు అతను. తీసుకుంటే తీసుకుంటాడేమో అంది ఆమె కూడా. ఇద్దరూ గుమ్మం వైపు చూడకుండా పనిలో పడ్డారు.

మంగళవారం మధ్యాహ్నం భూపాల్ వచ్చాడు.

గుమ్మంలో నిలబడితే వెలుతురు మొత్తం ఆగిపోయింది. సలాహుద్దీన్ డబ్బనం చేతిలోనే ఉండగా లేచాడు. కొట్టడానికే వచ్చాడనుకుంది అజీజున్నీసా. ఫోనులో స్విట్జర్లాండ్ వాళ్లు పట్టుకుంటూనే ఉన్నారు, ఆమె ఆపడం మరిచిపోయింది. భూపాల్ ఆమెకు సలాం చెప్పి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బనియను పక్కన భుజం వెనక చర్మం గీరుకుపోయి ఉంది.

"నాకు మస్తు కోపమొచ్చింది చాచా," అన్నాడు. "ఇప్పుడు గూడ ఉన్నది. నా వీపు అంటింది నాకెరుకనే. ఎవ్వరు చూడలేదనుకున్న. కడియం నాకు గావాలె. పోయినేడు నాది గుంజుకున్నరు గదా."

సలాహుద్దీన్ అవును అన్నాడు. పోయినేడు అతనిదే అన్నాడు.

భూపాల్ ఇంకేదో అనబోయి ఫోను వైపు చూశాడు. పొట్టు బరిలో ఆ పొడుగాటి మనిషి ఎదుటివాడిని గుండెకు అదుముకుని వెనక్కి ఒరుగుతున్నాడు. భూపాల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది తాను వేసిన పట్టే. వాడు పైకి ఎలా వచ్చాడు అని అడిగాడు, ఎవరినో కాదు, ఫోనునే. సలాహుద్దీన్ డబ్బనం గోడకు గుచ్చి, పక్కన కూర్చుని వెనక్కి జరిపాడు. అరికాలు చూడమన్నాడు. ఒరిగేముందే అది లోపలికి తిరిగిందని, నువ్వు ఒరిగాక తిప్పబోయావని, అప్పటికే ఆలస్యమైందని చెప్పాడు. మాటల్లో చెబుతుంటే చాలక లేచి నిలబడ్డాడు. కొత్త పరుపు ఒకటి నేల మీద పరిచాడు. అతని వెనక నిలబడిన భూపాల్ ఇటు తిప్పాలంటే సలాహుద్దీన్ అటు అంటున్నాడు. ఒకసారి ఇద్దరూ కలిసి దూది మూట మీద కూలబడ్డారు. అజీజున్నీసా ఫోను పట్టుకుని, కాలు కాదు, ముందు తల తిరిగింది, సరిగా చూడండి అంది. చూశారు. తలే.

ఆ చప్పుడుకు పక్క మడిగె నుంచి శివయ్య వచ్చాడు. భుజాన తెల్ల గుడ్డ, చేతిలో దువ్వెన. గుమ్మం బయటే నిలబడి భూపాల్‌ను, సలాహుద్దీన్‌ను, పరుపును చూశాడు. భూపాల్ అక్కడ ఎందుకు ఉన్నాడో అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. శివయ్య ఆదివారం సంగతి ఎత్తలేదు.

"గట్ల గాదు," అన్నాడు చివరికి. "ఎడమ చెయ్యి ఇంక కిందికి పోవాలె." దువ్వెన జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

పోయేముందు భూపాల్ చెప్పులు వేసుకుంటూ, వచ్చే ఆదివారం అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక ఊళ్లో కుస్తీలున్నాయని, ఈ తిప్పుడు అక్కడ వేసి చూస్తానని చెప్పాడు. చాచా వస్తాడా అని అడిగాడు. కుర్చీ ఉండదు, నిలబడి చూడాల్సిందే అన్నాడు. జనం ఏమంటారో అన్నాడు సలాహుద్దీన్. అంటారు, నేను పక్కన ఉంటా గదా అన్నాడు భూపాల్. బండి మీద తీసుకుపోతానని శివయ్య ఎటో చూస్తూ అన్నాడు.

"నేను గూడ వస్త," అంది అజీజున్నీసా.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"ఆడోళ్లు రారు గదా వదినా అక్కడికి," అన్నాడు శివయ్య.

ఆమె గలీబు చివర కుట్టు ముడి వేసి, దారం పళ్లతో కొరికింది.

"వచ్చేదాంక రారు," అంది.

శివయ్య బండి మీద ఇద్దరికే చోటు. ఆ ఊరికి ఇబ్రహీంపట్నం నుంచి బస్సు ఎటు పోతుందో, ఎక్కడ దిగాలో సలాహుద్దీన్ భూపాల్‌ను అడిగాడు.